సంఘానికి వయసొచ్చింది... పగ్గాలు ఎవరికి?

1995లో పాతికేళ్ల వయసులో డ్వాక్రా సంఘంలో చేరిన కొత్త కోడలికి ఇవాళ 55 నిండాయి. ముప్పైలో చేరినామె అరవైకి వచ్చేసింది. ఆ రోజుల్లో వాళ్ల బాధల్లా బ్యాంకు గుమ్మం దాటి లోపలికి వెళ్లడమే. ఇప్పుడా బాధ లేదు. పుస్తకాలు సరిగ్గా ఉన్న సంఘానికి మేనేజరే కబురు పెట్టి మరీ అప్పిస్తున్నాడు. బ్యాంకులతో మాట్లాడటం, అధికారులను నిలదీయడం, వాయిదా తప్పిన మనిషి ఇంటికి పదిమందీ వెళ్లి కూర్చోవడం లాంటి విద్యలన్నీ ఈ లీడర్లకు వచ్చు. రానిదల్లా ఒక్కటే, సంఘాన్ని తర్వాతి తరానికి అప్పగించడం. డబ్బు, పుస్తకం, కుర్చీ మూడూ చేతులు మారాల్సిన వేళ ఇది. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటే ఎంత ఆలస్యమైందో తెలుస్తుంది.

రోజుకో రూపాయి నుంచి

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రానికి తెలిసింది. ఆ సెగ తగిలి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు నెల్లూరు జిల్లా ఊళ్లలో పాకింది కూడా ఆ ఊపులోనే. అదే 1992లో నాబార్డు దేశం మొత్తం మీద 500 సంఘాలను ఎంచుకుని, వాటికి బ్యాంకు అప్పులిప్పించే ప్రయోగం మొదలుపెట్టింది.

ఆ 500 ఎంతయ్యాయి? 2024 మార్చి నాటికి దేశంలో బ్యాంకు ఖాతాలున్న సంఘాలు సుమారు 1.44 కోట్లు. వాటి పొదుపు దాదాపు 65 వేల కోట్ల రూపాయలు. సుమారు 77 లక్షల సంఘాలు బ్యాంకులకు తీర్చాల్సిన బాకీ దాదాపు 2.6 లక్షల కోట్లు. అందులో మొండి బాకీలు నూటికి రెండు రూపాయల చిల్లర. పెద్ద పెద్ద కంపెనీలకు అప్పులిచ్చి చేతులు కాల్చుకున్న బ్యాంకులకు ఆ అంకె ఎంత ముద్దొస్తుందో చెప్పక్కర్లేదు.

ఈ ప్రయాణంలో మన పల్లెల వాటా పెద్దది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడి, వెలుగు పథకం వచ్చాక సంఘాలు విడివిడిగా ఉండిపోలేదు. పది పదిహేనుమందితో సంఘం, ఊళ్లోని సంఘాలన్నీ కలిసి గ్రామైక్య సంఘం, పైన మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్యగా కట్టుకున్నాయి. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ పెట్టినప్పుడు ఈ కట్టడం నుంచి చాలా తీసుకుంది. మన అక్కలు కొందరు విడతకు 45 రోజుల చొప్పున ఇల్లూ వాకిలీ వదిలి బీహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి, భాష అంతంతమాత్రంగా వచ్చినా అక్కడి ఆడవాళ్లను కూర్చోబెట్టి సంఘాలు పెట్టించి వచ్చారు. రాష్ట్రం దాటించగలిగిన విద్యను సొంత ఇంట్లో అత్త నుంచి కోడలికి దాటించడం మాత్రం కష్టంగానే ఉంది.

వంద రూపాయల లెక్క

ముందు డబ్బు సంగతి. పదిమంది సభ్యులు, నెలకు తలా రూ.100 పొదుపు అనుకుందాం. నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు. ఇరవై ఏళ్లలో కట్టిన అసలు రూ.2.40 లక్షలు.

ఆ డబ్బును 3 శాతం వడ్డీ వచ్చే పొదుపు ఖాతాలో కదలకుండా ఉంచితే ఇరవై ఏళ్ల చివర సుమారు రూ.3.28 లక్షలు అవుతుంది. అదే డబ్బును ఎప్పటికప్పుడు సభ్యులకే రూపాయి వడ్డీకి, అంటే నూటికి నెలకు రూపాయి చొప్పున, అప్పుగా తిప్పితే సుమారు రూ.9.89 లక్షలు. తలా దాదాపు రూ.98,900. సగం తిప్పి సగం బ్యాంకులో ఉంచినా రూ.6.59 లక్షలకు చేరుతుంది. పొదుపులో పైసా తేడా లేదు. తేడా అంతా డబ్బు తిరగడంలో ఉంది.

ఈ లెక్కకు రెండు షరతులున్నాయి. ఒకటి, పైసా కూడా ఖాళీగా ఉండకుండా, ఒక్క వాయిదా కూడా తప్పకుండా ఏ సంఘమూ నడవదు. అందుకని 9.89ని పైకప్పుగానే చూడాలి. రెండోది, ఈ లాభం ఆకాశం నుంచి ఊడిపడదు. సభ్యులు కట్టిన వడ్డీయే మళ్లీ సభ్యుల చేతికి వస్తుంది. కాకపోతే సంఘం లేకుంటే ఆ వడ్డీ, రెండు రూపాయల లెక్కనో మూడు రూపాయల లెక్కనో, వడ్డీ వ్యాపారి గల్లాలో పడేది.

మరి సంఘాలు ఎందుకు తిప్పవు? చాలాచోట్ల సొంత పొదుపు బ్యాంకు ఖాతాలో పడుకుని ఉంటుంది, సభ్యులేమో బ్యాంకు ఇచ్చే పెద్ద లింకేజీ అప్పు కోసం ఎదురుచూస్తుంటారు. పొదుపులో చెయ్యి పెడితే కొత్త అప్పు రాదేమోనన్న భయం ఒకటి. నిజానికి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింది సంఘాలకు హామీ లేని అప్పు పరిమితిని రూ.10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచింది. ఆ అప్పుకు పొదుపు ఖాతాను తాకట్టుగా పట్టుకోకూడదనీ చెప్పింది. ఆ సంగతి తెలిసిన లీడరు మేనేజరు ముందు మాట్లాడే తీరు వేరు, తెలియనామె తీరు వేరు.

అలాగని ఇరవై లక్షలు తేవడమే ఘనకార్యం అనుకోవద్దు. పదిమందికి రూ.20 లక్షలంటే తలా 2 లక్షలు. 12 శాతం వడ్డీ మీద అయిదేళ్ల గడువైతే ఒక్కొక్కరి నెల వాయిదా దాదాపు రూ.4,450. ఉపాధి హామీ కూలి 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజుకు రూ.307. నెలలో 14 రోజుల కూలికి మించి వాయిదాకే పోతుంది. పాడి గేదో, కుట్టుమిషనో, కొట్టో పెట్టి సంపాదించేవాళ్లకు ఫరవాలేదు. బిడ్డ పెళ్లికి తెచ్చినామెకు ఆ వాయిదాయే ఇంకో అప్పుకు దారి తీస్తుంది. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వ్యవహారం ముదిరి, ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది ఇలాంటి అప్పు మీద అప్పు వల్లే. ఆ మరుసటేడు సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి పుట్టింది.

అందరికీ ఒకేసారి అరవై

సంఘాల్లో అందరూ మాట్లాడే సమస్య వాయిదాలు. నన్నడిగితే అంతకన్నా పెద్దది వయసు. సంఘం పెట్టిన రోజున చేరినవాళ్లంతా ఇంచుమించు ఒక ఈడువాళ్లు. ఒక వీధి, ఒక నీళ్ల పంపు, ఒకే ఏడాది కాపురానికి వచ్చిన కోడళ్లు. కలిసి మొదలుపెట్టినవాళ్లు కలిసే ముసలివాళ్లవుతారు. పదిమందిలో నలుగురు అటూ ఇటుగా ఒకేసారి, "ఇక నావల్ల కాదమ్మా, నా లెక్క నాకు చూసెయ్యండి" అంటే ఏమవుతుంది?

పై ఉదాహరణ సంఘాన్నే తీసుకుందాం. తలా రూ.98,900 చొప్పున నలుగురికి ఇవ్వాల్సింది దాదాపు రూ.3.96 లక్షలు. కానీ డబ్బు పెట్టెలో లేదు, సభ్యుల దగ్గర అప్పుగా ఉంది. మొత్తం 9.89 లక్షలూ 20 నెలవారీ వాయిదాల మీద కొత్తగా ఇచ్చి ఉంటే నెలకు తిరిగొచ్చే అసలు సుమారు 49 వేలు. నలుగురి వాటా తీర్చడానికి ఎనిమిది నెలలు పడుతుంది. ఆ ఎనిమిది నెలలూ సంఘంలో ఎవరికీ కొత్త అప్పు పుట్టదు. అప్పు పుట్టని సంఘానికి ఎవరొస్తారు? మెల్లగా మిగతా ఆరుగురూ పంచేసుకుందామంటారు. ముప్పై ఏళ్ల సంఘం ముక్కలవడానికి తగాదాలే అక్కర్లేదు, ఈ కూడిక చాలు.

ఆర్నెల్లకొకరు చొప్పున తప్పుకుంటే? ఒక్కొక్కరి వాటా తీర్చడానికి రెండు నెలల వాయిదాలు సరిపోతాయి. మిగతా నాలుగు నెలలు అప్పులు మామూలుగానే నడుస్తాయి. కాబట్టి యాభై అయిదు దాటినవాళ్ల పేర్లు రాసుకుని, ఎవరు ఎప్పుడు తప్పుకోవాలో రెండు మూడేళ్లు ముందే తీర్మానం పుస్తకంలోకి ఎక్కించడం ఇవాళ్టి లీడరు చెయ్యాల్సిన మొదటి పని. ఎవరికీ రుచించని పని కూడా. "నువ్వెప్పుడు పోతావు వదినా" అని అడిగినట్టు ఉంటుంది మరి.

వెళ్లేవాళ్ల సంగతి సరే, వచ్చేవాళ్ల సంగతి? చేరడానికి కోడలు సిద్ధంగానే ఉంటుంది, తలుపు తీయడానికే పాతవాళ్లు జంకుతారు. ఆ జంకుకు కారణముంది. కొత్తమ్మాయి మొదటి ఏడాది కట్టేది రూ.1,200. రూపాయి వడ్డీ మీద ఆ డబ్బు సంపాదించేది ఏడాదికి రూ.68. పాత సభ్యురాలి రూ.98,900 అదే ఏడాది సంపాదించేది సుమారు రూ.12,500. లాభం అందరికీ సమానంగా పంచుతామంటే కొత్తమ్మాయికి దాదాపు రూ.11,300 వస్తుంది, అంటే తొమ్మిదిమంది ఇరవై ఏళ్ల కష్టంలో నుంచి తీసి ఇచ్చినట్టు. పాతవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడంలో తప్పూ లేదు. పొదుపు ఎంత, ఎన్నాళ్లుగా ఉంది అన్నదాన్ని బట్టి సభ్యురాలి వారీగా వాటా రాసి ఉంచితే ఈ పేచీయే రాదు. రూ.68 తీసుకున్న అమ్మాయికి నష్టం లేదు, 12,500 తీసుకున్న అత్తకు బాధ లేదు. కావాల్సిందల్లా తలా ఒక పేజీ ఉన్న పుస్తకం. ఆ పేజీ లేని సంఘాలే ఎక్కువ.

కేరళ కుటుంబశ్రీకి ఇదే చిక్కు వచ్చింది. 1998లో మొదలైన ఆ వ్యవస్థలో ఇంటికొక్కరే సభ్యురాలు. అత్త ఉంటే కోడలికి, తల్లి ఉంటే కూతురికి చోటు లేదు. 2021లో వాళ్లు 18 నుంచి 40 ఏళ్లవారికి విడిగా సహాయక బృందాలు పెట్టారు. తెలంగాణలోనూ ఈమధ్య కిశోర బాలికలకు, అరవై దాటినవారికి వేరుగా సంఘాలు కడుతున్నారు. మంచిదే. కానీ పిల్లల సంఘం ఒకచోట, పెద్దల సంఘం ఒకచోట ఉండి, డబ్బూ అనుభవమూ రెండో చోటే ఉండిపోతే మళ్లీ కథ మొదటికే వస్తుంది.

వయసుతో ఇంకో మెలిక కూడా ఉంది. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాలో ఏడాదికి రూ.436 కడితే 2 లక్షల బీమా. చేరడానికి 50 ఏళ్లు దాటకూడదు, 55తో బీమా ఆగిపోతుంది. రూ.20తో వచ్చే సురక్షా బీమా 70 దాకా ఉంటుంది గానీ అది ప్రమాదాలకే. అంటే మనిషి పోయే ముప్పు పెరిగే వయసులోనే సంఘం అప్పుకు అండగా ఉన్న బీమా జారిపోతుంది. సభ్యురాలు పోతే ఆమె బాకీ మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. ఇరవై సంఘాలు, రెండు వందల మంది ఉన్న గ్రామైక్య సంఘం నెలనెలా తలా పది రూపాయలు పక్కన పెడితే నెలకు 2 వేలు, ఏడాదికి 24 వేలు. పెద్ద మొత్తమేం కాదు, కానీ ఏ ఇంట్లోనైనా కర్మకాండల నెలలో వాయిదా ఆగకుండా చూడటానికి చాలు.

కుర్చీ, పుస్తకం

సంఘానికి ఇద్దరు లీడర్లు. రెండేళ్లకోసారి మార్చాలన్నది సాధారణ నియమం, కొన్నిచోట్ల మూడేళ్లు. రెండేళ్ల లెక్కన పదిమంది సంఘంలో పదేళ్లు తిరిగేసరికి ప్రతి ఒక్కరూ ఒకసారి లీడరు అయి తీరాలి. గ్రామైక్య సంఘంలో అయిదుగురు పదవుల్లో ఉంటారు కనుక ఇరవై ఏళ్లలో యాభైమందికి ఆ కుర్చీ అనుభవం రావాలి, ఊళ్లో ఉన్న రెండు వందల మందిలో పావు వంతుకు. మీ ఊళ్లో ఎంతమందికి వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. చాలా ఊళ్లలో రెండో చెయ్యి అవసరం పడదు.

తప్పంతా పట్టుకు కూర్చున్నవాళ్లదే అనలేం. బ్యాంకులో సంతకాలు మార్చడం ఒక ప్రహసనం. తీర్మానం, ఫొటోలు, ఆధార్, కొత్త సంతకాల నమూనాలు, పైగా మేనేజరు సెలవు. ఆ తిప్పలు పడలేక పాత లీడరునే ఉండనిస్తారు. ఆమె కూడా వద్దు వద్దంటూనే ఉండిపోతుంది.

సమావేశం ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. గుడి అరుగు మీదో పంచాయతీ వరండాలోనో చాప వేసి గుండ్రంగా కూర్చుంటారు. హాజరు, పొదుపు, వాయిదాల వసూళ్లు అయ్యేసరికి గిన్నెల మోత గుర్తొచ్చి సగం మంది లేచిపోతారు. సంఘాల లెక్కలు రాసే వీవోఏ అమ్మాయి ఒకప్పుడు ఒళ్లో లావుపాటి పుస్తకం పెట్టుకుని రాసేది, ఇప్పుడు ఫోన్లో కొడుతోంది. "అమ్మాయీ, నా పేరు మీద ఇంకా ఎంతుందో చూడవే" అని ఓ పెద్దామె అడుగుతుంది. అమ్మాయి చూసి చెబుతుంది. పెద్దామె తలూపుతుంది. ఆ తలూపడంలోనే సంఘం బలమూ ఉంది, బలహీనతా ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్త్రీల అక్షరాస్యత 59 శాతం. అంటే సంఘాలు నిండు వయసులో ఉన్న రోజుల్లో పదిమందిలో నలుగురు చదవలేనివాళ్లు. అప్పట్లో కనీసం పుస్తకం పక్కింటి పదో తరగతి పిల్లాడికి చూపించి లెక్క సరిచూసుకునేవాళ్లు. ఇప్పుడు లెక్క ఫోన్ తెర వెనక్కి వెళ్లింది. తన పేర అప్పు తీసినట్టు బ్యాంకు నోటీసు వచ్చేదాకా తెలియని ఆడవాళ్ల వార్తలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

యాప్ వద్దనడం లేదు. సంఘాల లెక్కల కోసం వచ్చిన లోకోస్ లాంటి యాప్‌లో లావాదేవీ ఎక్కించాక దాన్ని వెనక్కి తుడిచేయడం పాత పుస్తకంలో కాగితం చించినంత తేలిక కాదు. కాకపోతే ప్రతి సమావేశం చివర అందరి బాకీలూ పేరు పేరునా బిగ్గరగా చదవాలి. పదిమందికి పది నిమిషాలు పట్టదు. చదివే పని ఇంటర్ చదివిన కోడలికి అప్పగిస్తే కుర్చీ శిక్షణ కూడా అక్కడే మొదలవుతుంది.

ట్యాంకరు వచ్చి ఆగింది

ఇప్పుడు ప్రభుత్వాలు పెద్ద లెక్కలు మాట్లాడుతున్నాయి. కేంద్రం 3 కోట్ల మందిని లఖ్‌పతి దీదీలుగా చేస్తానంటోంది, సంఘాలకు 15 వేల డ్రోన్లకు రూ.1,261 కోట్లు కేటాయించింది. తెలంగాణ ఇందిరా మహిళాశక్తి కోటి మందిని కోటీశ్వరులను చేస్తానంటోంది. ఆర్టీసీకి అద్దె బస్సులు, సోలార్ ప్లాంట్లు సంఘాల పేరనే. 2025 ఫిబ్రవరిలో నారాయణపేటలో జిల్లా సమాఖ్య పెట్రోలు బంకు తెరిచారు.

బంకు ముచ్చట కాసేపు చూద్దాం. 12 వేల లీటర్ల ట్యాంకరు, లీటరు రూ.107 అనుకుంటే ఒక్క లోడు రూ.12.84 లక్షలు. ఏడాదికి 12 వేలు పొదుపు చేసే మన సంఘానికి అది 107 ఏళ్ల పొదుపు. నెలకు వెయ్యి రూపాయలు లెక్కపెట్టడం నేర్చిన చేతులు ఒక్క రోజులో అంత సరుకు దించుకుని, స్టాకు చూసి, వచ్చిన డబ్బు బ్యాంకులో కట్టాలి. చేతకాదని ఎవరన్నారు? ఆడిటరు, మేనేజరు కావాలి, వాళ్లను ప్రశ్నించగల పాలకవర్గం కావాలి. మూడోది లేకుండా మొదటి రెండూ ఉంటే బోర్డు మీద సంఘం పేరు, లోపల ఇంకొకరి పెత్తనం.

రాజకీయం గురించి రెండు ముక్కలు చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 నాటి రుణమాఫీ హామీ చూసి కిస్తీలు ఆపేసిన సంఘాలకు వడ్డీ మోపెడైంది. తర్వాత పసుపు-కుంకుమ పథకం వచ్చింది. ఆపైన ఆసరా పథకం కింద 2019 ఏప్రిల్ 11 నాటి బాకీలు దాదాపు రూ.25,571 కోట్లు నాలుగు విడతల్లో 78.94 లక్షల మందికి ఇస్తామన్నారు. తలసరి సుమారు రూ.32,400. చిన్నదేమీ కాదు. అయితే పైన చెప్పుకున్న సంఘంలో ఇరవై ఏళ్లకు ఒక్కో సభ్యురాలికి సొంత డబ్బు తిప్పుకోవడం మీద వచ్చిన లాభం దాదాపు రూ.75 వేలు, దానికి ఏ సభకూ లారీ ఎక్కి వెళ్లక్కర్లేదు.

చదువుకున్న కోడళ్లు కుర్చీకి ఎందుకు రారన్నదానికీ ఒక అంకె ఉంది. బ్యాంకుకు, వెలుగు ఆఫీసుకు, మండల సమాఖ్యకు కలిపి లీడరుకు నెలలో మూడు రోజులు పోతాయనుకుందాం. ఉపాధి హామీ కూలి రూ.307 చొప్పున నెలకు 921, ఏడాదికి రూ.11,052 కూలి నష్టం. ఆటో చార్జీలు, చేతి ఖర్చు వేరే. పాత తరం దీన్ని సేవ అనుకుని భరించింది. బట్టల కొట్లో నెల జీతానికి పనిచేసే అమ్మాయి ఎందుకు భరించాలి? గ్రామైక్య సంఘంలో రెండు వందల మంది తలా అయిదు రూపాయలు వేస్తే నెలకు వెయ్యి వస్తుంది, ఒక లీడరు మూడు రోజుల కూలి ఇచ్చి ఇంకా రూ.79 మిగులుతుంది. దీనికి ఏ జీవో కోసమూ చూడక్కర్లేదు. చాలా గ్రామ, మండల సమాఖ్యలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైనవే. తమ నియమావళిని తామే రాసుకునే, మార్చుకునే హక్కు ఆ చట్టం ఇచ్చింది. మహాసభలో తీర్మానం చేసి, మినిట్స్‌లో రాసి, సంతకాలు పెట్టి మొదలుపెట్టవచ్చు.